సంబంధిత డ్రైవరు

కింది ఆఫీసు, టెస్టింగు గది,
కాలు ఊగే బల్ల.

గౌరవనీయులైన వదినగారికి,

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ ముగిసేదాకా మీ జట్టూ మా జట్టూ ఫోన్లో గానీ మెయిల్లో గానీ మాట్లాడుకోకూడదని కంపెనీ సర్క్యులర్ వేసింది కదా. పోస్టు సంగతి అందులో లేదు. లోకంలో పోస్టనేది ఇంకా ఉందని అది రాసినాయనకి గుర్తు లేనట్టుంది. అందుకని కవర్లూ స్టాంపులూ కొనుక్కొచ్చాను. పెన్ను పట్టి చాలా కాలమైంది, అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటే సర్దుకోండి.

విచారణ అధికారి మా ఆఫీసుకొచ్చి వెళ్ళాడు. లా చదివిన పెద్దమనిషి, కంప్యూటర్ని దూరం నుంచి గౌరవిస్తాడు. "డ్రైవరంటే ఏమిటమ్మా?" అని మొదలుపెట్టాడు. యంత్రానికీ కంప్యూటరుకీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రామని చెప్పాను. మందుల కోల్డ్ రూముల్లో మనం బిగించే పెట్టెలో అలాంటివి ఒకదాని మీద ఒకటి మూడున్నాయి. అడుగున నాది. థర్మామీటరు కేబులుతో మాట్లాడి గది ఎంత చల్లగా ఉందో పైకి పంపుతుంది. కేబులు ఊడితే "రీడింగు లేదు, ఎర్రరు" అని పంపుతుంది. పైన మీది. అంకెని తెర మీద చూపిస్తుంది, గది వేడెక్కినా ఎర్రరొచ్చినా అలారం మోగిస్తుంది. మధ్యలో అన్నయ్యది. అంకెల్లో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు సర్ది పైకి అందించడం తప్ప దానికి వేరే పని లేదు, ఉత్త గొట్టం. ఆయన తలూపుతూ అంతా రాసుకున్నాడు.

రాసుకుని, తప్పు నాదేనని తేల్చాడు. ఆ కోల్డ్ రూములో అల్మరా జరుపుతుంటే కేబులు ఊడిందట, దాంతోపాటు కూలింగు మెషీను ప్లగ్గు కూడా. వరసగా సెలవులు. గది ఉడికిపోతుంటే తెర మీద మాత్రం నాలుగు డిగ్రీలు. సెలవులయ్యాక స్టోర్ కీపరు తలుపు తీస్తే వేడిగాలి మొహానికి కొట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పాడైన టీకా మందు తీసుకెళ్ళి పిల్లలకి పొడిచేవాళ్ళు. మందంతా పారబోశారు. కేబులు ముట్టుకునేది నా డ్రైవరు కాబట్టి బాధ్యత నాదట.

నా కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. రిపోర్టులో నా పేరు పడితే దాన్ని మళ్ళీ రాయరు. ఇక్కడే కాదు, పిల్లల మందులు పాడుచేసినదాన్ని ఇంకెక్కడా గుమ్మం ఎక్కనివ్వరు. నేను ఎర్రరు పంపాను. మీ అలారం మోగలేదు. ఎందుకు మోగలేదో అధికారికి మీరే చెప్పండి. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు తొంగి చూడని మనిషిని ఇంత అడగడం ఎక్కువేమో. కానీ అప్పుడు పోయింది నా ఒంట్లో ఒక పిత్తపు తిత్తి, ఇప్పుడు పోయేది ఉద్యోగం.

ఇట్లు
మీ ఆడపడుచు


హెడ్డాఫీసు, ఐదో అంతస్తు,
లిఫ్టు గొణుగుడు వినబడే మూల.

కందిరీగకి,

ఎప్పటినుంచే నేను "మీరు" అయ్యాను? "గౌరవనీయులైన" అని చదివి, నా వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను. కుట్టదలుచుకుంటే మామూలుగా కుట్టు. మర్యాద నీకు నప్పదు, వేరేవాళ్ళ చొక్కా వేసుకున్నట్టుంది.

నీ ఎర్రరు నా దాకా రాలేదు. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నా అలారం సంగతి నీకు తెలుసు, గదిలో ఎవరు తుమ్మినా మోగే రకం. పెట్టిన కొత్తలో కేబులు కాస్త వణికినా మోగేది. నాకూ నిద్ర లేదు, స్టోర్ కీపర్లకీ లేదు, రోజూ నాకు తిట్లే. తర్వాత ఎందుకో దానంతటదే బుద్ధి తెచ్చుకుంది. నా పెంపకం గొప్పదనుకుని మురిసిపోయాను. ఆ అలారాన్ని పట్టుకుని మోగలేదంటావేంటి? మోగమని చెప్పేవాళ్ళుంటే మోగేది.

నా దగ్గరకీ వచ్చాడు మీ లా పెద్దమనిషి. మన నిబంధనల పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు. అందులో ఏముందో తెలుసా? "లోపములను సంబంధిత డ్రైవరు చూసుకొనవలెను." అంతే. ఎవరే ఆ సంబంధిత డ్రైవరు? ఎక్కడుంటాడు? కనబడితే కాఫీ తాగించి, నాలుగు అడగాలనుంది. నువ్వు నేననుకున్నావు, నేను నువ్వనుకున్నాను. రాసినాయన ఇద్దరిలో ఎవరనీ అనుకోకుండా భోజనానికి వెళ్ళిపోయినట్టున్నాడు.

ఇక ఆసుపత్రి. రావద్దని కబురు పంపి, రాలేదని మూతి ముడుచుకునేవాళ్ళని నిన్నే చూశాను. "చిన్న ఆపరేషనే, ఎవరూ రావద్దు, వస్తే నాకు విసుగు" అన్నావట. పెట్టె సర్దుకుని చెప్పులేసుకున్నదాన్ని, ఆ మాట విని చెప్పులు విడిచాను. విసుగనిపించేవాళ్ళ మంచం పక్కన కూర్చుని నేనేం చేసేది? ఆ తర్వాత నువ్వూ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. రెండేళ్ళయింది. నాకేం బాధ లేదనుకుని ఉంటావు. చాలా ఉంది.

నీ పేరు రిపోర్టులో పడటం నాకూ ఇష్టం లేదు. అలాగని నా పేరు పెట్టుకోలేను, నేను చేయలేదు కాబట్టి. మీ అన్నయ్యని అడిగితే "అంతా బాగే, సర్దుకుంటుంది" అన్నాడు. ఆయన సంగతి తెలిసిందేగా, ఇల్లు అంటుకున్నా వెచ్చగా ఉంది అంతా బాగే అంటాడు.

నీ వదిన


కింది ఆఫీసు, అదే బల్ల.
కాలి కింద మడిచిన కాగితం పెట్టాను, ఇప్పుడు అటువైపు ఊగుతోంది.

వదినా,

సరే, "మీరు" తీసేశాను.

ముందు నువ్వన్న రెండో సంగతి. నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను, చదివాక అక్కడే కూర్చున్నాను. నేను రావద్దనలేదు. రమ్మన్నాను. అన్నయ్యకి ఫోన్ చేసి, "నాకు భయంగా ఉంది, ఎవరికీ చెప్పకు, వదిన్ని ఒక్కదాన్నే పంపించు" అన్నాను. నర్సు ముందు ఏడవకూడదని దుప్పట్లో దూరి మాట్లాడాను. మర్నాడు అన్నయ్య వచ్చి, నీకు సెలవు దొరకలేదనీ, పాపం ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నావనీ చెప్పాడు. నువ్వు ఏడుస్తున్నావంటే నేనెందుకు నమ్మానో ఇప్పుడు అర్థం కావడం లేదు. నిన్ను ఏడుస్తుండగా చూసింది ఒక్కసారే, అదీ తలుపులో వేలు నలిగినప్పుడు. సెలవు సాకు అనుకున్నాను. పట్టించుకోలేదని లోపల పెట్టుకున్నాను.

అది కాసేపు పక్కన పెడదాం, లేకపోతే నేను పని చేయలేను. ఇప్పుడు డ్రైవరు.

ఈ బల్ల మీద కేబులు పీకి చూశాను. పీకిన ప్రతిసారీ నా డ్రైవరు ఎర్రరు పంపింది, ఎక్కడా మింగలేదు. కానీ నా దగ్గరున్నది అడుగు భాగమే, పై రెండూ లేవు. మూడూ కలిపి ఉన్నవి మీ ల్యాబులోనే. నువ్వక్కడ కేబులు పీకి, తెర మీద ఏం కనిపిస్తుందో, నీ డ్రైవరు చేతికి ఏం అందుతుందో చూసి రాయి. నేనేం పంపానో నాకు తెలుసు. నీకేం చేరిందో తెలిస్తే చాలు, పక్క పక్కన పెట్టి చూద్దాం. ఈపాటికి ఫోన్లో అరగంటలో తేలేది. సర్క్యులర్ పుణ్యమా అని పోస్టుమేన్ మనకి తప్పులు వెతికిపెట్టే డీబగ్గరయ్యాడు.

త్వరగా రాయి. తప్పు నాదేనని సంతకం పెట్టమని ఒక కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. కాఫీ కప్పు పెట్టుకోవడానికి వాడుతున్నాను గానీ, ఎన్నాళ్ళు వాడతాను?

కందిరీగ


హెడ్డాఫీసు.

కందిరీగకి,

నీ ఉత్తరం అందింది. ల్యాబులో ఈ వారం మరమ్మతులు, మనుషులు నిచ్చెనలేసుకుని తిరుగుతున్నారు. చూడ్డం ఇంకా కుదరలేదు. కుదరగానే రాస్తాను.

ఇక్కడ వానలు. మా వంటింటి కుళాయి కారుతోంది, బాగుచేసేవాడు ఇదిగో వస్తున్నానంటాడు, రాడు. మా మేనేజరు కొత్త కళ్ళద్దాలు పెట్టాడు, గుడ్లగూబలా ఉన్నాడు. నీ ఆరోగ్యం జాగ్రత్త, వేళకి తిను.

ఆ కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకు. అంతా బాగే, సర్దుకుంటుంది.

వదిన


కింది ఆఫీసు.

వదినా,

నీ ఉత్తరం నీది కాదు. నువ్వు వానల గురించి రాయవు. నా ఆరోగ్యం గురించి అడగాలంటే "బతికే ఉన్నావా" అంటావు. పైగా చివర్లో "అంతా బాగే" ఒకటి. ఆ మాట మనింట్లో ఎవరి సొంతమో ఇద్దరికీ తెలుసు. నువ్వు కేబులు పీకావు, చూశావు, నా దగ్గర దాచావు. అవునా?

నేనూ ఖాళీగా కూర్చోలేదు. సెలవుల్లో ఆ కోల్డ్ రూము తెరని సీసీ కెమెరా తీసిన ఫోటోలు విచారణ కట్టలో ఉన్నాయి, మళ్ళీ తీసి చూశాను. నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు. నిజం గది ఏదీ అంత బుద్ధిగా ఉండదు, ఒకసారి కాస్త పైకీ ఒకసారి కాస్త కిందకీ పోతుంది. అంటే అది అప్పటి రీడింగు కాదు, ఎవరో పాత అంకెనే పట్టుకుని మళ్ళీ మళ్ళీ అందిస్తున్నారు. నా డ్రైవరుకి పాత అంకెలు గుర్తుండవు. నీది ఇచ్చింది చూపిస్తుంది, దాచుకోదు. పాతవి దాచుకుని, సర్ది, నున్నగా చేసి పంపేది ఒక్కటే. నేను అధికారికి ఉత్త గొట్టమని చెప్పినదే.

అన్నయ్యదే కదా?

నువ్వెందుకు దాచావో అర్థమైంది. నీ స్థానంలో నేనున్నా దాచేదాన్నేమో. ఆ మనిషిని నిలబెట్టి పదిమందిలో అడిగితే తట్టుకోలేడు. చిన్నప్పుడు నేను గాజు జాడీ పగలగొడితే, అమ్మకీ నాకూ మధ్య నిలబడి, అసలు జాడీ ఉన్నట్టే గుర్తు లేదని ఒట్టు పెట్టాడు. నా కోసమే పెట్టాడు. అప్పటినుంచీ మా మధ్య అన్నీ అలాగే గడిచాయి.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. నాకు వెనకాల ఎవరూ లేరు, ఏదో ఒక పని వెతుక్కుంటాను. వాడిని వదిలెయ్. నువ్వు కూడా ఏమీ చూడలేదనుకో.

నీ ఆడపడుచు


మా ఇల్లు, వంటింటి బల్ల.
కుళాయి నిజంగానే కారుతోంది, అదొక్కటి అబద్ధం కాదు.

ఓసి బుద్ధిలేనిదానా,

సంతకం పెట్టావో, బస్సెక్కి వచ్చి ఆ పెన్నుతోనే నిన్ను పొడుస్తాను.

అవును, చూశాను. కేబులు పీకాను, తెర మీద అంకె బెల్లం కొట్టిన రాయిలా కదల్లేదు. మధ్య డ్రైవరు తెరిచి చూశాను. ఎర్రరొస్తే, దాన్ని పక్కన పెట్టి చివరిసారి వచ్చిన మంచి అంకెనే "అంతా సరిగ్గానే ఉంది" అని ముద్రేసి పైకి పంపమని రాసుంది. పక్కనే మీ అన్నయ్య వ్యాఖ్య కూడా: "కాసేపటికి సర్దుకుంటుంది." అది మూసేసి, నీకు వానల గురించి రాశాను. ఆయన్ని ఏమంటే ఏమైపోతాడోనని నేనూ అదే పని చేశాను. సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం చదివాక ఇంక ఆగలేదు. భోజనం వడ్డించి, లేచి పారిపోయే వీల్లేకుండా ఎదురుగా కూర్చున్నాను.

"కేబులు ఊడితే నీ డ్రైవరు ఏం చేస్తుంది?" అన్నాను.

"చూస్తాలే," అన్నాడు.

"నేను చూశాను."

అప్పుడు తల వంచుకుని చెప్పాడు. "నువ్వే కదా గొడవ చేశావు? చిన్న వణుకొచ్చినా అలారం మోగుతోంది, నాకు ఊరికే ఎర్రర్లు పంపొద్దని. చెల్లిని అడిగాను, కాస్త రెండు మూడుసార్లు రీడింగు అడిగి చూసి, అప్పటికీ రాకపోతేనే ఎర్రరు పంపవే అని. అది ఒంటికాలి మీద లేచింది. నా పని వచ్చింది వచ్చినట్టు చెప్పడం, ఏం చేయాలో పైవాళ్ళే చూసుకోవాలి అంది. ఇద్దరూ నా మీదే అరుస్తారు. ఇద్దరికీ సరేనన్నాను. మామూలుగా కేబులు దానంతటదే కుదురుకుంటుంది. ఈసారి కుదురుకోలేదు."

కందిరీగా, నిజం చెప్పు, నువ్వలా అన్నావా? నేను మాత్రం అన్నాను. ఊరికే ఎర్రర్లు పంపొద్దని ఆయన గది గుమ్మంలో నిలబడి కేకలేశాను. బుద్ధి తెచ్చుకుంది నా అలారం కాదు, దాని నోరు మూశారు. మూసింది ఆయన, మూయించింది నేను.

తర్వాత ఆసుపత్రి సంగతి అడిగాను. నేను చెప్పులు వేసుకుంటుంటే నువ్వు రావద్దన్నావని ఎందుకు చెప్పావని. "ఆ రోజు పొద్దున్నే నువ్వు దాని మీద మండిపడుతున్నావు. ఆఫీసులో నీ ప్రోగ్రాముకి వంకలు పెట్టిందని. అది చూస్తే భయపడి ఉంది. ఆ గదిలో మీరిద్దరూ దెబ్బలాడుకుంటే దాని కుట్లు ఊడతాయనుకున్నాను. తర్వాత మీరే మాట్లాడుకుని సర్దుకుంటారనుకున్నాను." అంతే. దుర్మార్గం ఏమీ లేదు. ఎర్రరు మింగి, పాత అంకె పంపాడు. మనం రెండేళ్ళు ఆ పాత అంకె చూసుకుంటూ కూర్చున్నాం.

ఇప్పుడు నువ్వు సంతకం పెడతానంటున్నావు. పెడితే ఏమవుతుందో చెప్పనా? మిగతా కోల్డ్ రూములన్నిట్లో ఇదే పెట్టె ఉంది. మధ్య డ్రైవరు అలాగే ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు, తప్పు చేసినామెని పంపేశాం కదా అని హాయిగా ఉంటారు. ఇంకెక్కడో అల్మరా జరుపుతారు. అక్కడి స్టోర్ కీపరుకి జలుబు చేసి ఉంటే, వేడిగాలి తగిలినా తెరనే నమ్ముతాడు. నువ్వు గొప్ప త్యాగం అనుకుంటున్నది కూడా నాలుగు డిగ్రీలేనే, పిచ్చిదానా.

విచారణలో నేనే చెప్పేస్తానని మీ అన్నయ్యకి చెప్పాను. లేచి కంచం కడుక్కున్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది, అయినా చెప్తాను.

వదిన


కింది ఆఫీసు.

వదినా,

అన్నాను. "నా పని కాదు" అని ఫోన్లో గట్టిగానే అన్నాను. అన్నాక, బాగా చెప్పానని నా భుజం నేనే తట్టుకున్నాను కూడా. నిబంధనల ప్రకారం నేనన్నది తప్పు కాదేమో. కానీ రెండు మూడుసార్లు అడిగి చూడటానికి నాకు పోయేదేముంది? పొగరు తప్ప అడ్డమేముంది? అది నా దగ్గరే తేలాల్సిన పని. నేను వద్దంటే అది మధ్యలోకి పోయింది.

సంతకం పెట్టను. కాగితం మీద ఎలాగూ కాఫీ మరకలే ఉన్నాయి.

కానీ నువ్వు చెప్పకు. నువ్వు చెబితే మళ్ళీ వాడి మాట ఇంకొకరు మోసినట్టే. వాడే చెప్పాలి. చెప్పలేకపోతే అప్పుడు నువ్వు చెప్పు, నేను నీ వెనకాల నిలబడతాను. నా కాంట్రాక్టు ఏమైనా సరే. ఒక్క అవకాశం ఇవ్వు, జాడీ సంగతి గుర్తు చెయ్. ఆ జాడీకి ఇప్పుడిక అమ్మ ఏమీ అనదని చెప్పు.

భయంగా ఉంది. ఈసారి దుప్పట్లో దూరకుండా, నేరుగా నీకే చెప్తున్నాను.

నీ కందిరీగ


హెడ్డాఫీసు, ఐదో అంతస్తు.
లిఫ్టు పాడైంది, ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు.

కందిరీగకి,

అయిపోయింది. సర్క్యులర్ ఇంకా ఎత్తేయలేదు కాబట్టి ఉత్తరమే, విను.

పెద్ద బల్ల చుట్టూ, కాంట్రాక్టువాళ్ళని తప్ప, అందర్నీ కూర్చోబెట్టారు. మీ అన్నయ్య తలుపు పక్క కుర్చీలో, గోడలో కలిసిపోయినట్టు కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, గొట్టాన్ని ఎవరడుగుతారు? అధికారి నీ పేరు చదివి, "కింది డ్రైవరు బాధ్యత అని అందరూ ఒప్పుకుంటున్నారా?" అన్నాడు. గుడ్లగూబ మేనేజరు తలూపాడు. నేను నోరు తెరవబోతూ తలుపు వైపు చూశాను. మీ అన్నయ్య లేచి నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు, పొద్దున చూసి కూడా చెప్పలేదు నేను.

"అంతా బా..." అన్నాడు. అని ఆగిపోయాడు. గదిలో అందరూ ఆయన్ని చూస్తున్నారు. అప్పుడు, "బాగాలేదండీ," అన్నాడు. "కింది డ్రైవరు ఎర్రరు పంపింది. నాది మింగేసింది. నేనే అలా రాశాను." నాకు గర్వమనిపించింది, పదిమందిలో మొగుడు తప్పు ఒప్పుకుంటుంటే గర్వమేంటో నాకే తెలియదు. తర్వాత నేనూ లేచి, నా కేకల సంగతి చెప్పాను. నీ పొగరు సంగతి కూడా చెప్పాను, నువ్వు రాసిన మాటల్లోనే. అధికారి కలం మూసి, "ఈ ముగ్గురూ ఒకే ఇల్లా?" అని అడిగాడు. అవునన్నాను. "అయ్యో," అన్నాడు.

తీర్పు ఇదీ. ముగ్గురికీ తలా ఒక మెమో. నీ పేరు తప్పుల ఖాతాలోంచి తీసేశారు, కొత్త కాంట్రాక్టు కాగితం మీ ఆఫీసుకి బయల్దేరింది. మీ అన్నయ్యని కొన్నాళ్ళు కోడు ముట్టుకోనివ్వరు. అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటుంది. మన పెట్టె బిగించిన ప్రతి కోల్డ్ రూముకీ తనే ఫోన్ చేసి, "మీ తెర మీద అంకె అబద్ధం కావచ్చు, తలుపు తీసి చూడండి" అని చెప్పాలి. చెడ్డ కబురంటే చెమటలు పట్టే మనిషికి రోజంతా చెడ్డ కబుర్లు చెప్పే ఉద్యోగం. మొదటి ఫోను ముందు నీళ్ళు తాగొచ్చాడు, మళ్ళీ తాగొచ్చాడు. నిన్న ఒక స్టోర్ కీపరు తిట్టిన తిట్లు నాకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు ఒక మాటని సర్దకుండా మోసుకొచ్చింది అదే మొదలు.

నిబంధనల పుస్తకంలో ఆ వాక్యం కొట్టేయించి, కొత్తది నన్నే రాయమన్నారు. రాశాను. చిన్న వణుకైతే కిందిదే రెండు మూడుసార్లు అడిగి చూడాలి. అప్పటికీ రాకపోతే ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పాలి. మధ్యది ఎర్రర్ని ముట్టుకోకూడదు. ఏం చేయాలో తేల్చాల్సింది పైది, ఆ తర్వాత ఊరికే ఎందుకు చెప్పావని కిందవాళ్ళ మీద అరవకూడదు. ఆ ఆఖరి మాట నా కోసం రాసుకున్నాను. "సంబంధిత" అనే మాట ఎక్కడా లేదు.

ఇక మన సంగతి. అప్పుడు సర్దిన పెట్టె అటక మీద అలాగే ఉంది, దించి చూశాను. నీ కోసం కొన్న నైటీ, మడత కూడా చెదరలేదు. నువ్విప్పుడు ఒళ్ళు చేసి ఉంటావు, పట్టదు. అయినా తెస్తున్నాను. శనివారం పొద్దున బస్సుకి వస్తాను. నీకు వీలు కాకపోతే, విసుగైతే, ఇష్టం లేకపోతే నాకు నేరుగా రాయి, ఇంకెవరితోనూ చెప్పి పంపకు. జవాబు రాకపోతే రమ్మన్నట్టే అనుకుంటాను.

నీ వదిన


(కవరు వెనక, పెన్సిలుతో)

చెల్లీ,

ఈ ఉత్తరం పోస్టులో వేయమని మీ వదిన నాకిచ్చింది. చదవలేదు, అంటించే ఉంది. ఒక తప్పు జరిగింది. కోటు జేబులో పెట్టుకుని మర్చిపోయాను. ఇవాళ శుక్రవారం, ఇప్పుడే చేతికి తగిలింది. నీకు చేరేసరికి మీ వదిన మీ ఇంట్లో ఉంటుంది, నువ్వు జవాబు రాసే వీలు లేకుండా పోయింది. తప్పు నాది, కేబులుది కాదు.

దీన్ని చించేసి, చేరిందనీ నువ్వు రమ్మన్నావనీ చెబుదామా అని ఒక్క నిమిషం అనిపించింది. చెప్పలేదు. పైకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, మీ వదిన తిట్లు వంటింట్లోంచి ఇంకా వినబడుతున్నాయి. ఇప్పుడు కిందకి చెప్తున్నాను.

అన్నయ్య